చెప్పి వచ్చారా, చేయించి వచ్చారా?

(ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్య విషయాలు నేర్పే విస్తరణ కార్యకర్తల శిక్షణ చివరి రోజున చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వాళ్ళకి వినబడుతోందా? సరే.

"సామాజిక ఆరోగ్యంలో విస్తరణ కార్యకర్తల పాత్ర" అని బ్యానర్ మీద రాశారు. ఇలాంటి సభల్లో ఆ 'పాత్ర' అనే మాట వినీ వినీ నాకు కాస్త విసుగొచ్చింది. ఎవరొచ్చినా మీ పాత్ర ఎనలేనిది అంటారు, వెన్నెముక అంటారు, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోతారు. అందుకని నేను నిజం పాత్రలే తెచ్చుకున్నాను. ఈ బల్ల మీద చూడండి. ఒక గిన్నె, ఒక జగ్గు, మూత పోయిన ప్లాస్టిక్ డబ్బా, సొట్టలు పడ్డ మగ్గు. దేని మీదా కొలత గీత లేదు. వీటితో చివర్లో పనుంది. (నవ్వులు)

నేను ఫీల్డ్‌కి వెళ్ళడం మొదలుపెట్టిన తొలి ఏడాది సంగతి చెబుతాను. ఒక ఇంట్లో ఏడాదిన్నర బిడ్డకి విరేచనాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇచ్చాను. "లీటరు మంచినీళ్ళలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి, కొంచెం కొంచెంగా పట్టాలి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి" అని మూడుసార్లు చెప్పాను. ఆవిడ చేత తిరిగి చెప్పించాను కూడా. పొల్లు పోకుండా అప్పజెప్పింది. డైరీలో టిక్కు పెట్టుకుని తృప్తిగా బయటికొచ్చాను.

రెండు రోజుల తర్వాత అటుగా వెళ్తూ తొంగి చూశాను. ప్యాకెట్ మూల కత్తిరించి, మడిచి, రబ్బరు బ్యాండు వేసి గూట్లో పెట్టి ఉంది. బిడ్డ తాగుతానన్నప్పుడల్లా చిన్న గ్లాసులో నీళ్ళు పోసి, ఒక చెంచా పొడి వేసి కలుపుతోంది. "అదేంటమ్మా, లీటరు నీళ్ళలో అని చెప్పాను కదా" అన్నాను. "అవునండీ, లీటరు నీళ్ళలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి" అని మళ్ళీ అప్పజెప్పింది. మరి ఇదేమిటంటే, కాసేపు ఊరుకుని అంది: "లీటరంటే ఎంతో తెలియలేదండీ. వీడు తాగేది గుక్కెడు. అంత కలిపి పారబోయడమెందుకని..."

బిడ్డకి ఏమీ కాలేదు, అదృష్టం. కానీ కావడానికి ఆస్కారం ఉంది. పేగు గోడలోంచి ఉప్పు, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్తాయి, ఆ రెండింటి వెంట నీరు వెళ్తుంది. 1960లలో తేలిన సంగతి ఇది. పాళ్ళు కుదిరితేనే ఆ జంట పనిచేస్తుంది. పొడి ఎక్కువై నీళ్ళు తక్కువైతే ఆ చిక్కటి ద్రావణం ఒంట్లో ఉన్న నీటినే పేగులోకి లాగుతుంది, రక్తంలో ఉప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో పాత ఫార్ములాని కూడా పలచన చేసింది. నీళ్ళలో కరిగిన ఉప్పు, గ్లూకోజుల గాఢతని లీటరుకి 311 మిల్లీ ఆస్మోల్స్ నుంచి 245కి దించింది. అక్కడ శాస్త్రవేత్తలు అంత నాజూకుగా లెక్కలు కడితే, ఇక్కడ నేను ఆ ఇంట్లో లీటరు పట్టే గిన్నె ఉందో లేదో కూడా చూడకుండా వచ్చేశాను.

మర్నాడు ఖాళీ లీటరు సీసా ఒకటి పట్టుకెళ్ళాను. ఇంట్లో గిన్నెలన్నీ తీయించి, ఒక్కోదాంట్లో సీసాడు నీళ్ళు పోసి చూశాం. ఒక గిన్నెలో నీళ్ళు అంచుకి రెండు వేళ్ళ కిందకొచ్చి ఆగాయి. "ఇదేనమ్మా నీ లీటరు" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చి, నీళ్ళు ఆగిన చోట బయటివైపు గీత గీసింది. ఆ ఆలోచన నాది కాదు, ఆవిడదే. తర్వాత ఎన్నో ఇళ్ళలో నేనే కనిపెట్టినట్టు వాడుకున్నాను. (నవ్వులు) ఇంకో మాట, 200 మిల్లీలీటర్ల నీళ్ళకి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి. పెద్ద ప్యాకెట్‌కి అలవాటు పడ్డ ఇంట్లో చిన్నది ఇస్తే మళ్ళీ లీటరు నీళ్ళలో కలుపుతారు. అప్పుడు ఉప్పు చాలదు. ప్యాకెట్ మారితే గీత కూడా మారాలి.

అప్పటి నుంచి ఫీల్డ్ నుంచి తిరిగొచ్చిన ఎవర్నైనా నేనడిగే ప్రశ్న ఒకటే: చెప్పి వచ్చారా, చేయించి వచ్చారా?

ఈ విస్తరణ అనే మాట మనది కాదు, ఆసుపత్రులదీ కాదు. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ళు, కాలేజీకి రాలేని వాళ్ళ కోసం అధ్యాపకుల్ని ఊళ్ళకి పంపి ఉపన్యాసాలు ఇప్పించారు. చదువుని గోడ బయటికి విస్తరించడం అన్నమాట. దాన్ని పొలంలోకి దింపింది అమెరికాలో సీమన్ నాప్ అనే పెద్దాయన. ప్రభుత్వం వాళ్ళు అప్పటికే నమూనా క్షేత్రాలు నడిపేవారు. రైతులు వచ్చి చూసేవారు, బాగుంది అనేవారు, ఇంటికెళ్ళి పాత పద్ధతిలోనే విత్తేవారు. ప్రభుత్వం డబ్బుతో ఎవడైనా పండిస్తాడని వాళ్ళ అభిప్రాయం. తప్పు కూడా కాదు. 1903లో టెక్సాస్‌లోని టెరెల్‌లో నాప్ పద్ధతి మార్చాడు. పొలం రైతుదే, పని చేసేది రైతే, పద్ధతి మాత్రం తనది. నష్టమొస్తే భరిస్తామని ఆ ఊరి వ్యాపారులు పూచీ పడ్డారు. పంట బాగా వచ్చింది. విన్నది మనిషి అనుమానిస్తాడు, చూసింది కూడా అనుమానిస్తాడు, తన చేత్తో చేసిందాన్ని మాత్రం అనుమానించలేడని ఆయన అనేవాడట. 1914 నాటికి ఆ దేశంలో వ్యవసాయ విస్తరణకి చట్టమే వచ్చింది.

పొలంలో కుదిరినంత సులువుగా ఇది ఆరోగ్యంలో కుదరదు. ఎందుకో ఆలోచించారా? విత్తనం మారిస్తే ఆ పంటకాలంలోనే గింజ కనబడుతుంది. మనం ఇచ్చేదానికి ఫలితం చాలాసార్లు 'ఏమీ జరగకపోవడం'. టీకా వేయించిన తల్లికి కంటికి కనిపించేది ఏమిటి? ఆ రాత్రి బిడ్డ ఒళ్ళు వెచ్చబడటం, తొడ మీద గట్టిపడటం, నిద్ర లేకపోవడం. కోరింత దగ్గు రాలేదనేది చేత్తో పట్టుకుని చూసుకునే వస్తువు కాదు కదా. జింక్ మాత్రలూ అంతే. 10 నుంచి 14 రోజులు వేయమంటాం. మూడో రోజుకి విరేచనాలు కట్టేస్తాయి, మిగతా మాత్రలు గూట్లోకి వెళ్తాయి. ఆవిడ తెలివితక్కువది కాదు. మనమైనా జ్వరం తగ్గాక మందుల కోర్సు మొత్తం వాడతామా, చెప్పండి? (నవ్వులు)

ఈ చిక్కుకి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ నారికురుపు. మీలో చిన్నవాళ్ళు ఆ పేరు విని ఉండరు, అది మంచిదే. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 1986లో ప్రపంచంలో ఏడాదికి 35 లక్షల మందికి వచ్చేదని అంచనా. 2022లో ప్రపంచం మొత్తం మీద 13 కేసులు. దీనికి మందు లేదు, టీకా లేదు. ఇంత తగ్గింది ప్రధానంగా సురక్షితమైన నీటి వల్ల, వడకట్టే గుడ్డ వల్ల, ఊరూరా తిరిగిన కార్యకర్తల వల్ల.

ఈ జబ్బు తెచ్చే నారిపురుగు పని ఇలా ఉంటుంది. చెరువు నీళ్ళలో కంటికి ఆనీ ఆనని నీటి ఈగలుంటాయి. వాటి కడుపులో నారిపురుగు పిల్లలుంటాయి. ఆ నీళ్ళు తాగితే పిల్లలు మనిషి ఒంట్లోకి చేరి పెరుగుతాయి. దాదాపు ఏడాది దాకా ఏ గుర్తూ ఉండదు. తర్వాత కాలి మీద పొక్కు లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. పొక్కు పగిలి తెల్లటి దారంలా పురుగు బయటికొస్తుంది, మీటరు పొడవు దాకా ఉంటుంది. మంటకి తాళలేక మనిషి వెళ్ళి కాలు నీళ్ళలో పెడతాడు. పురుగుకి కావాల్సింది అదే. వేల పిల్లల్ని ఆ నీళ్ళలోకి వదిలేస్తుంది.

ఇప్పుడు మీరు ఆ ఊరి కార్యకర్త అనుకోండి. పోయిన ఏడాది తాగిన నీళ్ళకీ ఈ ఏడాది కాలికీ సంబంధముందని ఎలా నమ్మిస్తారు? చాలాచోట్ల కార్యకర్తలు ఆ వాదన జోలికే పోలేదు. గాజు సీసాలో ఆ చెరువు నీళ్ళే ముంచి, ఎండకి ఎత్తి పట్టారు. లోపల తెల్లటి చుక్కలు గెంతుతున్నాయి. అవే నీళ్ళు సన్నటి గుడ్డలో వడగట్టి ఇంకో సీసాలో పోశారు. అందులో కదలిక లేదు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి, ఏది తాగుతారని అడిగితే చాలు. ఏడాది తర్వాత వచ్చే లాభాన్ని ఆ క్షణంలోనే కళ్ళెదుట పెట్టారు. పొలాలకి వెళ్ళేవాళ్ళ కోసం మెడలో వేలాడేసుకునే గొట్టాలు కూడా వచ్చాయి, చివర జల్లెడ గుడ్డతో. పురుగు బయటికొచ్చిన మనిషిని 24 గంటల్లోపు గుర్తించి, పుండు కడిగి, కట్టు కట్టి, చెరువులోకి దిగకుండా చూసే బాధ్యత ఊరి వాలంటీర్లదే. దిగొద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఆ మనిషి ఇంటికి నీళ్ళెవరు మోస్తారో కూడా చూడాలి.

చేయించడం అంటే అన్నిచోట్లా సీసా ఎత్తి చూపించడమే అనుకోకండి. పెరూలో లాస్ మోలినోస్ అనే ఊళ్ళో 1950లలో ఒక ఆరోగ్య కార్యకర్త నీళ్ళు కాచి తాగమని రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగింది. సుమారు 200 కుటుంబాలు. కాచడం మొదలుపెట్టినవి 11. ఆవిడ కష్టపడలేదా అంటే, మనలో చాలామంది కంటే ఎక్కువే పడింది. కానీ ఆ ఊరి లెక్కలో కాచిన నీళ్ళు రోగుల పథ్యం. ఒంట్లో బాగున్న మనిషి కాచిన నీళ్ళు తాగితే, ఏమైంది నీకు అని అడుగుతారు. పొద్దున్నే పొలానికి వెళ్ళే ఆడమనిషికి నీళ్ళు కాచే తీరికెక్కడిది, కట్టెలెక్కడివి? పైగా ఆవిడ మాట విన్నవాళ్ళెవరు? ఒకావిడ ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో ఉండే మనిషి. ఇంకొకావిడ పైన కొండ ప్రాంతం నుంచి వలస వచ్చిన మనిషి, ఊళ్ళో కలవాలని తాపత్రయం. వీళ్ళని చూసి ఊరు నేర్చుకోదు. ఊరు ఎవర్ని చూసి నేర్చుకుంటుందో ఆ ఆడవాళ్ళకి ఈవిడ మురికి వెతకడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌లా కనిపించింది.

మనకీ ఈ జబ్బుంది. తలుపు తీసే ఇంటికే మళ్ళీ మళ్ళీ వెళ్తాం. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చే ఇంట్లో అరగంట ఉంటాం, మొహం ముడుచుకునే ఇంటి ముందు రెండు నిమిషాలు. మీ డైరీలు తిరగేసుకోండి, ఏ ఇళ్ళకి ఎన్నిసార్లు వెళ్ళారో మీకే కనిపిస్తుంది.

ఇక బంగ్లాదేశ్. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ముందు 1971. యుద్ధం వల్ల సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కలరా. పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ దగ్గర దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు చేతిలో సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. నేల మీద పడుకోబెట్టిన రోగులు. ఆయన డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపించి, మగ్గులు పెట్టి, రోగి బంధువులనే ముంచి తాగించమన్నాడు. అప్పటిదాకా 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. తాగించింది డాక్టర్లు కాదండీ, ఆ రోగుల అమ్మలూ అన్నలూ అక్కలూ. విస్తరణకి ఇంతకంటే పెద్ద పాఠం లేదంటాను నేను, అది విస్తరణ కార్యక్రమం కాకపోయినా.

తర్వాత 1980లో బ్రాక్ అనే సంస్థ, బంగ్లాదేశ్‌లో ఇల్లిల్లూ తిరిగి తల్లులకి ఇది నేర్పడం మొదలుపెట్టింది. పదేళ్ళలో కోటీ ఇరవై లక్షల పైచిలుకు ఇళ్ళకి వెళ్ళారు. ప్యాకెట్లు అందరికీ అందవు కాబట్టి మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు, అంటే దాదాపు అర లీటరు. సభలు పెట్టలేదు, మైకులు పెట్టలేదు. ఒక కార్యకర్త, ఒక తల్లి. చెప్పి, చూపించి, ఆ తల్లి చేతే కలిపించి మరీ లేచేది. కొన్నాళ్ళకి వేరే మనిషి వచ్చి కొన్ని ఇళ్ళు ఎంచుకుని తల్లులకి ఏం గుర్తుందో అడిగేవాడు. వాళ్ళు కలిపిన నీళ్ళని ల్యాబుకి పంపేవారు. తల్లికి గుర్తున్నదాన్ని బట్టి కార్యకర్తకి జీతం.

చూడండి, ఇప్పటిదాకా నేను చెప్పిన షరతులన్నీ కుదిరాయి. ఇంటికెళ్ళారు, చేత్తో చేయించారు, వెనక వచ్చి సరిచూశారు. తల్లులకి బాగా గుర్తుంది, సరిగ్గానే కలిపారు కూడా. తీరా బిడ్డకి విరేచనాలైనప్పుడు వాడుతున్నారా అని చూస్తే, వాడేవాళ్ళు బాగా తక్కువ.

ఎందుకని ఆరా తీస్తే చివరికి తేలిందేమిటంటే, కార్యకర్తలకే దాని మీద నమ్మకం లేదు. తమకి విరేచనాలైతే చాలామంది వేరే మందులు వేసుకుంటున్నారు. నేర్పేటప్పుడు ఆ నీళ్ళు నాలుక మీద అద్దుకుని రుచి చూపించేవారు తప్ప తాగేవారు కాదు. తల్లికి ఇది కనబడదా? మన నోరు చెప్పేదాన్నే కాదు, మన నోరు తాగేదాన్ని కూడా చూస్తుంది.

అప్పుడు ఏం చేశారంటే, కార్యకర్తల్ని ఢాకాలో కలరా పరిశోధన చేసే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కళ్ళు లోపలికి పోయి, చర్మం పట్టుకుంటే మడత అలాగే నిలిచిపోయే మనిషి, ఇవే నీళ్ళు తాగి కొన్ని గంటల్లో లేచి కూర్చోవడం చూపించారు. ఎందుకు పనిచేస్తుందో వివరంగా చెప్పారు. ఆ తర్వాత ఇళ్ళలో నేర్పేటప్పుడు తల్లి ఎదురుగా తామే తాగడం మొదలుపెట్టారు. ఇంకోటి కూడా కనిపెట్టారు: అప్పటిదాకా మగవాళ్ళని పట్టించుకోకుండా వదిలేశామని. ఇంట్లో డబ్బు తీసేది, డాక్టరు దగ్గరికి వెళ్దామా వద్దా అని తేల్చేది వాళ్ళు. కోడలికి ఎంత బాగా నేర్పినా, "ఉప్పు నీళ్ళతో తగ్గుతుందా, పద" అంటే అక్కడితో సరి. అప్పుడు మసీదుల్లో, సంతల్లో, బడుల్లో మగవాళ్ళతో మాట్లాడటానికి మగ కార్యకర్తల్ని పెట్టారు. వాడకం పెరిగింది.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. చేతులెత్తక్కర్లేదు, మనసులో చెప్పుకోండి. మీ ఇంట్లో బిడ్డకి విరేచనాలైతే మీరు ముందు చేసే పని ఏమిటి?

(కాసేపు నిశ్శబ్దం)

సరే. నేను కూడా ఆ ప్రశ్నకి మొదట్లో సరైన జవాబు చెప్పగలిగిన మనిషిని కాను.

మనం ఇంటింటికీ ఏదో మోసుకెళ్ళే మనుషులమని అందరూ అనుకుంటారు. మోసుకొచ్చేది కూడా ఉంది. 1930లలో చైనాలోని దింగ్ కౌంటీలో చెన్ జిచియన్ అనే డాక్టరు, రైతుల్లోంచే కొందరిని ఎంచి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చాడు. వాళ్ళ పనుల్లో మశూచి టీకాలు వేయడం ఎంత ముఖ్యమో, ఊళ్ళో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాసిపెట్టడం అంతే ముఖ్యం. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చేసిన పని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 39 ఊళ్ళలో ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చారు. 1995లో మొదలుపెట్టి మొదటి ఏడాదంతా కేవలం నమోదు. పుట్టిన ప్రతి బిడ్డకీ ఏమవుతోంది, ఏ రోజున ఏ లక్షణం కనిపిస్తోంది. అది తెలిశాకే ఇళ్ళలో వైద్యం మొదలైంది. మూడో ఏడాదికి, పక్క ప్రాంతంతో పోల్చి చూస్తే, నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. ఆ తొలి ఏడాది నోటు పుస్తకాలు లేకపోతే, ఏ రోజున ఏ ఇంటికి వెళ్ళాలో ఎవరికి తెలుసు?

అందుకే మీరు రాసే అంకె మీద నాకు అంత పట్టుదల. ఊపిరి లెక్కనే తీసుకోండి. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఆ అంకె తాకినా దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. ఇది మీరందరూ పరీక్షలో రాశారు. ఇంట్లో ఏం జరుగుతుంది? బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. మీకు ఇంకా ఆరిళ్ళున్నాయి. అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చేస్తారు. చేయొద్దు. తల్లి ఒళ్ళో పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, ఏడుపు ఆగేదాకా ఊరికే కూర్చోండి. పొట్ట లేచి పడటం ఒకటి. నిమిషం మొత్తం. నెలలోపు బిడ్డలు ఊపిరి ఆపి ఆపి తీస్తారు, వాళ్ళకి ఎక్కువ వస్తే మరోసారి లెక్కపెట్టండి. బిడ్డ మోచేతికి పైన దండ చుట్టుకొలత తీసే టేపు కూడా అంతే. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం. 11.4 కనబడితే జాలిపడి 11.5 రాసేవాళ్ళని చూశాను, రిఫరల్ పేపర్లు నింపే బెడద తప్పుతుందని రాసేవాళ్ళనీ చూశాను. ఆ ఒక్క మిల్లీమీటరు జాలి వల్ల ఆ బిడ్డ పేరు జాబితాలోకి రాదు.

ఈ గదిలో వ్యవసాయ విస్తరణ వాళ్ళు కూడా కొందరున్నారని చెప్పారు. మాకూ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం అనుకోకండి, మా కంటే ముందు మీరే ఆ ఇంట్లో అడుగుపెడతారు. మొజాంబిక్‌లో, ఉగాండాలో విటమిన్ ఎ ఉండే నారింజ రంగు చిలగడదుంప తీగల్ని రైతులకి చేర్చింది వ్యవసాయ కార్యకర్తలూ ఆరోగ్య కార్యకర్తలూ కలిసే. తీగ ఇచ్చేవాళ్ళు ఒకరు, బిడ్డకి ఎందుకు పెట్టాలో చెప్పేవాళ్ళు ఒకరు. ఆ పని వెనకున్న నలుగురు శాస్త్రవేత్తలకి 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఇక పురుగుమందుల సంగతి. గాలికి ఎదురు నిలబడి పిచికారీ చేయొద్దని మీరు చెబుతారు, మంచిదే. ఖాళీ డబ్బా ఏమైందని అడిగారా? మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్ళు పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకి చిల్లు పెట్టించి రండి. చిల్లు లేని డబ్బా నీళ్ళు పట్టుకోవడానికి పనికొస్తుందని ఇంట్లో ఎవరికో ఒకరికి అనిపిస్తుంది.

చివరిగా మీ గురించి. ఇది వేదిక మీద ఉన్న అధికారులు కూడా వినాలి.

ఇథియోపియా 2003లో ఆరోగ్య విస్తరణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరి అమ్మాయిలనే తీసుకుని ఏడాది శిక్షణ ఇచ్చి, సుమారు 5,000 మందికి ఇద్దరు చొప్పున 30,000 మందికి పైగా నియమించింది. జీతం ఇచ్చింది. మన దేశంలో 2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. ఇప్పుడు దాదాపు 10 లక్షల మంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకి అవార్డు ఇచ్చింది. అవార్డు వచ్చిన రోజు కూడా వాళ్ళు లెక్కలో స్వచ్ఛంద కార్యకర్తలే, చేతికొచ్చేది ప్రోత్సాహకాలే. ఇథియోపియాలో మొదలుపెట్టిందే 16 రకాల సేవలతో. ఏ దేశంలో చూసినా ఇదే తంతు. కొత్త పథకం వస్తే దాన్ని చేర్చడానికి అందరికీ గుర్తొచ్చేది ఈ ఒక్క మనిషి సంచే. తీసేయడం ఎవరికీ గుర్తు రాదు.

ఇందాక జీతాన్ని తల్లి జ్ఞాపకానికి ముడిపెట్టిన పద్ధతిని మెచ్చుకున్నట్టు మాట్లాడాను. మీలో ఎవరైనా ఎదురు ప్రశ్న వేయాల్సింది. (నవ్వులు) 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, కార్యకర్తలకి పనికి తగ్గ జీతం ఇవ్వమన్నాయి. పూర్తిగా గానీ ప్రధానంగా గానీ ప్రోత్సాహకాల మీదే నడపొద్దన్నాయి. దేనికి డబ్బిస్తే ఆ పని జరుగుతుంది, దేనికి ఇవ్వరో అది ఆగిపోతుంది. తల్లి చేత అప్పజెప్పించినందుకు డబ్బిస్తే తల్లి అప్పజెబుతుంది. నా గూట్లో ప్యాకెట్ కథలో ఆవిడ అప్పజెప్పలేదా? కాబట్టి నా మాట ఇది: జీతం స్థిరంగా ఇవ్వండి. సరిచూడటం మాత్రం మానొద్దు. ఎన్ని ఇళ్ళకి వెళ్ళారని కాకుండా, ఓ పదిళ్ళకి మీరే వెళ్ళి చూడండి, గిన్నె మీద గీత ఉందో లేదో. సూపర్‌వైజర్ వెళ్తే తప్పు పట్టుకోవడానికే అన్న టెన్షన్ కార్యకర్తకి లేకుండా వెళ్ళండి. అది సూపర్‌వైజర్ల శిక్షణలో చెప్పాల్సిన పాఠం, ఆ శిక్షణ ఇంకా ఎవరూ పెట్టలేదు.

టైం అయిపోయిందని ఆయన సైగ చేస్తున్నారు. ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వండి సార్.

ముందు వరసలో నలుగురు రండి. మీరు, మీరు, ఆ కిటికీ పక్కన ఉన్న అమ్మాయి, వెనక దాక్కుంటున్న ఆయన. తలా ఒక పాత్ర తీసుకోండి. బిందెలో నీళ్ళున్నాయి. లీటరు అనుకున్నంత కంటితో చూసి పోయండి, కొలసీసా నా దగ్గరుంటుంది. పక్కవాళ్ళది చూడొద్దు. మగ్గు తీసుకున్న ఆయనా, అది సొట్టలు పడ్డదని ఇప్పుడే సాకు చెప్పకండి, ఇళ్ళలో ఉండేవి అలాంటివే.

(నలుగురు కార్యకర్తలు నీళ్ళు పోశారు. సీసాతో కొలిస్తే ఒకరిది మాత్రమే లీటరుకి దగ్గరగా వచ్చింది. ఆమెది జగ్గు.)

ఎలా చెప్పగలిగావమ్మా?

"మా ఇంట్లో ఇలాంటిదే ఉందండీ."